నీళ్లలోంచి పిలిచిన జీవి

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో మెట్లు కడగడానికి ఏదో కొత్త మందు తెచ్చారు. తలుపు తీయగానే అమ్మోనియా ఘాటు గుప్పున తగిలింది. పక్కింటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం గడపలోనే నిలబడిపోయాను. ఎనభైల మొదట్లో విశాఖలో ఓడల మరమ్మతు చేసే ఒక వర్క్‌షాపులో, డ్రాయింగ్ ఆఫీసులో, డ్రాయింగుల మీద పల్చటి కాగితం పరిచి గీతలు దించే ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. డ్రాయింగులకు కాపీలు తీసే యంత్రం దగ్గర రోజంతా ఇదే వాసన. ఇది తగిలితే చాలు, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కరీముల్లా గారు కళ్ల ముందుకొస్తారు.

ఆయనది విశాఖ పాతబస్తీ, వన్‌టౌన్. సన్నగా, కాస్త ముందుకి వంగి నడిచే మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నేను గీసిన గీత పక్కకి పోతే తప్పని చెప్పేవారు కాదు. కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, అది నాకే కనబడేదాకా ఆగేవారు. అప్పట్లో నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. మాది పరవాడ దగ్గర పల్లె. ఇంట్లో అమ్మా, నేనూ, తమ్ముడు శ్రీనూ, అంతే. ఒకరోజు వాడు స్నేహితులతో యారాడ బీచ్‌కి వెళ్లి, సముద్రంలో ఈతకి దిగి, మళ్లీ పైకి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ తర్వాత అమ్మా నేనూ గాజువాకలో అద్దెకి దిగాం. ఇంట్లో వాడి పేరు ఎత్తేవాళ్లం కాదు. ఎత్తొద్దని ఎవరూ అనలేదు, నోరు రాలేదంతే. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

కరీముల్లా గారి బావమరిది సరుకు ఓడల మీద పనిచేసేవాడు. ఒకసారి ఏదో దూరదేశపు రేవు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అందులో రకరకాల పలకలున్న పాచికలు, ఒక లావుపాటి పుస్తకం, దానికి తోడు ఇంకో సన్నటి పుస్తకం. గళ్ల బల్ల లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు ఆ కథలో మనుషులై, తామేం చేస్తామో చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. సన్నటి పుస్తకం నిండా వేరే నక్షత్రాల నుంచి దిగిన భయంకరమైన జీవులు, పేజీకి ఒకటి చొప్పున. దాని బలమెంత, మనిషిని ఎలా పొట్టన పెట్టుకుంటుంది, అన్నీ వివరంగా రాసి ఉండేవి.

ఆదివారం మధ్యాహ్నాలు కరీముల్లా గారి ఇంట్లో, ఆయన కథ చెబుతుంటే ఆడేవాళ్లం. నేనూ, స్టోర్సులో పనిచేసే అప్పలనాయుడూ. కరీముల్లా గారి భార్య హసీనా గారు టీ పెట్టిచ్చి, వినీ విననట్టు గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చునేవారు. ఆ జీవుల్ని ఆయన మన ఊరికి దించేశారు. పోర్టులో ఇనుప ఖనిజం గుట్టల్లో ఎర్రటి దుమ్ముతో ఒళ్లు పెంచుకునేది ఒకటి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగుని తాగేసేది ఇంకొకటి. మర్నాడు పొద్దున్న బస్సులోంచి ఆ కొండని చూస్తే ఒళ్లు ఝల్లుమనేది. నాయుడికి నియమాల పట్టింపు ఎక్కువ. కరీముల్లా గారు కాస్త సొంతంగా ఏదైనా కలిపితే చాలు, పుస్తకంలో అలా లేదని వాదనకి దిగేవాడు.

ఒక ఆదివారం కొత్త జీవి వచ్చింది. దానికి రూపం లేదు. నీళ్లలో ఉంటుంది, మునిగిపోయినవాళ్ల గొంతుతో ఒడ్డునున్నవాళ్లని పిలుస్తుంది. బదులు పలికినవాళ్లు నీళ్లలోకి నడిచి వెళ్లిపోవాలని పుస్తకంలో ఉందట. కథలో నేను సముద్రపు ఒడ్డున రాళ్ల మీద నిలబడి ఉన్నాను. కరీముల్లా గారు గొంతు సన్నగా చేసి, "అక్కా, నాను ఇక్కడే ఉన్నాను. రా" అన్నారు.

నా చేతిలోని పాచికలు కింద పడ్డాయి. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పుస్తకం మూసేశారు. అప్పుడు చెప్పాను, మా తమ్ముడు యారాడలో పోయాడని. ఇంటి బయట ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇది ఉత్త ఆటేగా అని ఆయన అనలేదు. కుర్చీ జరుపుకుని నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"నాకు తెలీదు తల్లీ. ఏటి సేద్దామో నువ్వే సెప్పు. ఆపీమంటే ఆపేద్దాం."

ఎందుకో లేచి వెళ్లిపోవాలనిపించలేదు. "ఆపొద్దు సార్. అది ఇంకేటి సెప్తాదో ఇంటాను" అన్నాను.

ఆయన మూసిన పుస్తకాన్ని పక్కకి నెట్టి అన్నారు: "దానికి ఇంకేటీ రాదమ్మా. ఎవరి కాడో ఇన్న ఆ రెండు ముక్కలే దానికి తెలుసు. ఆడు ఎలాంటోడో దానికి తెలీదు. నీకు తెలుసు. నువ్వు సెప్పు, అది ఇంటాది."

చెప్పాను. నా సైకిలు అడక్కుండా తీసుకెళ్లి, గాలి లేని టైరుతో తెచ్చి గోడకి ఆనించేసేవాడని చెప్పాను. ఈల వేయడం రాక ఉత్త గాలి ఊదుతూ ఊరంతా తిరిగేవాడని చెప్పాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. గుమ్మంలోంచి హసీనా గారు లేచి వచ్చి, నా దగ్గరగా కూర్చుని, "ఏటి ఇష్టంగా తినీవోడమ్మా?" అని అడిగారు. ఎండు రొయ్యల కూరని చెప్పాను. కథలో ఆ జీవి అలా వింటూ వింటూ, ఎవరినీ ముట్టకుండా, లోతుకి వెళ్లిపోయింది. పాచికలు ఎవరూ వేయలేదు. పుస్తకంలో అలా లేదని నాయుడు అనలేదు. కింద పడ్డవి ఏరి పెట్టెలో సర్ది, అందరికీ తనే టీ వడపోసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ స్టవ్ ముందు ఉంది. శ్రీను గురించి సార్ వాళ్లింట్లో మాట్లాడానని చెప్పాను. అమ్మ గరిటె పక్కన పెట్టింది. ఆమె కోప్పడుతుందేమోనని భయపడ్డాను. వెనక్కి తిరక్కుండానే, "ఆ రోజు ఎర్ర సొక్కా ఏసుకెళ్లాడే. ఇరుకైపోనాదిరా, ఇప్పీరా అంటే ఇన్నాడు కాదు" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో మళ్లీ ముగ్గురం ఉన్నట్టనిపించింది.

కరీముల్లా గారితో ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడాం. ఎన్నో జీవులొచ్చాయి, రెండు మూడుసార్లు నన్ను చంపేశాయి కూడా. ఆ మధ్యాహ్నం సంగతి ఆయనంతట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, రిటైరయ్యే ముందు, బస్‌స్టాపులో నిలబడి అన్నారు: "బయపెట్టడం ఎంతసేపమ్మా. బయపడ్డ మనిసిని ఒంటరిగా ఒగ్గీకుండా ఉండాలి, అదే పని." ఆయన పోయి చాలా కాలమైంది.

ఇప్పుడు మా కింది అంతస్తు పిల్లలకి నేను కథ చెప్పి ఆడిస్తాను. పోయిన వారం కథలో ఒక ఇల్లు అంటుకుంది. పొగలోంచి జీవి బయటికి రాబోతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి చప్పున తల దించుకుంది. మిగతా పిల్లలు తర్వాతేమైందని తొందరపెడుతున్నారు. ఆగమని చెప్పి, నా కుర్చీ తీసుకెళ్లి ఆమె పక్కన వేసుకున్నాను. ఏమీ అడగలేదు. ఆ పిల్ల తనే మెల్లగా మొదలుపెట్టింది, వాళ్ల పాత ఇంటి గురించి.