పాతాళానికి పిల్లను పంపని సరళక్క

ఈ మధ్యాహ్నం అల్వాల్‌లోని మా ఇంట్లో గ్రీకు దేవతల బోర్డ్ గేమ్ ఆడాం. నలుగురు కావాలి. ఉన్నది నేను, మా ఆయన, పై పోర్షన్‌లో ఉండే నవ్య. నవ్య సోమవారం వరంగల్ వెళ్లి హాస్టల్లో చేరబోతోంది. అన్నానికి పిలవడానికి వచ్చిన వాళ్లమ్మ సరళక్కను కూర్చోబెట్టి పంటల దేవతను చేశాం. ఆమె వాటాకు కొన్ని పచ్చని పొలాలు, కూతురిగా ఒక చిన్న బొమ్మ వచ్చాయి.

పాతాళ రాజు నవ్య. మూడో రౌండ్‌లో ఆ రాజు పంటల దేవత కూతుర్ని అడగాలి. ఇస్తే ఆ పిల్ల సగం ఆట పాతాళంలో ఉండి తిరిగొస్తుంది. ఇవ్వకపోతే పొలాలు ఎండిపోతాయి. కాబట్టి ఎవరైనా ఇచ్చేస్తారు.

"అమ్మా, పిల్లనియ్యి," అంది నవ్య.

సరళక్క బొమ్మను గుప్పిట్లో పెట్టుకుంది. "ఆడ తిండి ఎట్లుంటది?"

"దానిమ్మ గింజలు పెడతారట," అన్నాను రూల్ బుక్ చూసి.

"గవ్వేనా? గవ్వి తిని ఎట్లుంటది పిల్ల?"

"మళ్లొస్తది కదమ్మా. జెర ఆట ఆడు."

"ఎండితే ఎండనీ," అంది సరళక్క.

ఆమె పొలాలన్నీ ఎండిపోయాయి. ఆటలో చిట్టచివర నిలిచింది. అన్నం చల్లారుతోందంటూ కూతుర్ని తీసుకుని పైకి వెళ్లిపోయింది.

రూల్ బుక్ రెండుసార్లు చదివాను. తల్లి ఇవ్వనంటే పొలాలు ఎండుతాయని ఉంది. ఎండినా ఫర్వాలేదంటే ఏం చేయాలో లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.