మా బావ పడవకు బండి కుదిరిన వైనం

మా బావ కాటాలు బాగుచేస్తాడు. బంగారం కొట్లో గాజు పెట్టెలో కూర్చునే చిన్న కాటా నుంచి, సరుకు లారీ ఎక్కి నిలబడే పెద్ద కాటా దాకా ఆయన చెయ్యి పడనిది మా ఊళ్ళో లేదు. బజారులో ఆయన్ని మిల్లీగ్రాము అంటారు. అందరూ చాటుగా అంటారు, నేను ఎదురుగానే అంటాను. అక్క మొగుణ్ణి ఆ మాత్రం అనకపోతే బావమరిదిగా పుట్టి ఏం లాభం?

ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆయన పని. గోడ నిండా కొక్కేలకు స్ప్రింగులు, కింద అరల్లో చిన్నా పెద్దా ఇనప తూనిక రాళ్ళు. ఫ్యాను లేదు. కాటా సరిచేసేటప్పుడు కిటికీ కూడా మూసేస్తాడు, గాలి తగిలితే ముల్లు నిలవదని. ముల్లు సున్నా మీదికి వచ్చి ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాడు. ముప్పై అయిదేళ్ళు గాలి ఆడని గదిలో బతికిన మనిషికి గాలితో నడిచే వస్తువు మీద మనసు పోయిందంటే అందులో వింతేమీ లేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో మాత్రం యాభై దాటాక పట్టుకున్న పిచ్చి అనుకున్నాను, ఆ మాటే ఇంటింటా చెప్పాను.

ఆ వస్తువు ఒక కయాక్. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. తెడ్డుతో నడుస్తుంది. మధ్యలో సన్నటి స్తంభం ఒకటి నిలబెట్టి చిన్న తెరచాప కట్టుకుంటే తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. స్తంభం, తెరచాపతో సహా నలభై అయిదు కిలోలు. ఆ లెక్క ఆయన మూడుసార్లు తూచి చెప్పింది. సెలవు రోజు పొద్దున్నే దాన్ని కారు మీదికి ఎత్తుకుని, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో నది సముద్రానికి దగ్గరపడి వెడల్పైన చోటికి పోయేవాడు. తిరిగొచ్చాక రోజంతా ఎవరు పలకరించినా రెండు క్షణాలు ఆలస్యంగా పలికేవాడు. ఏముంది బావా అక్కడ అని ఓసారి అడిగాను.

"నీళ్ళ మీద దేనికీ బరువుండదు బామ్మర్దీ. నాక్కూడా," అన్నాడు.

కాటాల మనిషి నోట ఆ మాట విని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నిరుడు, ఒడ్డున నీళ్ళలోకి దిగే సిమెంటు వాలు మీద నాచుకి కాలు జారింది. కారు మీదికి ఎత్తుతున్న పడవ కాళ్ళ మీద పడింది, ఎడమ భుజం కీలు తప్పింది. జేబులో ఫోన్ నీళ్ళు తాగి చచ్చిపోయింది. మోకాటి లోతు నీళ్ళలో గంటసేపు అలాగే పడున్నాడు, కుక్కని తిప్పడానికి వచ్చిన ఎవరో పెద్దాయన చూసేదాకా. భుజం అతుక్కుంది గానీ ఆ చెయ్యి ఇప్పటికీ ఛాతీ దాటి పైకి లేవదు.

అక్క ఆసుపత్రిలో ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చిన ఆరు నెలలకి, ఆయన మళ్ళీ పడవ మీది దుప్పటి తీసి దులుపుతుంటే నన్ను పిలిపించి, నా ఎదురుగా చెప్పింది.

"ఒరేయ్, నువ్వు సాక్షివి. వానలు మొదలయ్యేలోపు ఈయన ఆ పడవని ఒక్కరే దింపుకుని, ఒక్కరే తిరిగి, మళ్ళీ ఒక్కరే బండెక్కించుకోవాలి. పక్కన ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. చేతకాలేదా, ఈత నేర్పే మాస్టారు ఎప్పట్నించో అడుగుతున్నారు, ఇచ్చేద్దాం."

"ఒక్కణ్ణే ఎందుకు? వీడు వస్తాడుగా," అన్నాడు బావ.

"వీడు రెండు వారాలొస్తాడు. మూడోవారం వీడికి గేటు పనేదో తగుల్తుంది. అప్పుడు మీరు ఒక్కరే పోతారు. నాకు తెలీదా?"

నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం. నాది కిటికీ ఊచలు, గేట్లు చేసే వెల్డింగు షాపు. మూడోవారం ఏదో ఒకటి తగుల్తుంది.

ఇక కారు మీదికి ఎత్తడం ఈ జన్మకి లేదు. కాబట్టి కారు వెనక తగిలించే ట్రెయిలర్ కావాలి, నేల నుంచి మోకాలెత్తు మించకూడదు. మూడు వారాలు ఇద్దరం దాని కోసం తిరిగాం. పడవల ట్రెయిలర్లు అమ్మే కొట్లో చూపించింది మరబోట్లు మోసే బండి. ముందు కొక్కెం ఎత్తి చూసి నేనే వదిలేశాను. మా బావ పడవని దాని మీద పెడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. మోటారు సైకిళ్ళు మోసే బండి ఒకటి దొరికింది, పొట్టిది. పడవ సగం వెనక వేలాడేది. చివరికి మొక్కలమ్మే తోటాయన దగ్గర, షెడ్డు వెనక గడ్డిలో కూరుకుపోయిన చిన్న ట్రెయిలర్ ఒకటి కనిపించింది. అందులో మట్టితో నిండిన పూలకుండీలు మోసేవారట. బావ దాని మీదికెక్కి గంతులేశాడు. అది కదల్లేదు.

"గట్టిది. ఇదే," అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

నేనూ సై అన్నాను. నా వంతుగా అడుగున మరో రెండు ఇనప పట్టీలు అతికించాను. గట్టిదాన్ని ఇంకా గట్టిగా చేయడం తప్ప మా వృత్తిలో మరో ఆలోచన రాదు. పడవకి దుప్పటి చుట్టి, బెల్టులతో కట్టి, ఊరి చివరిదాకా ఓ చుట్టు చుట్టొద్దామని బయల్దేరాం. బడి ముందు స్పీడు బ్రేకరు మీద కారు మెల్లగానే దిగింది. అద్దంలో చూస్తున్నాను. పడవ గాల్లోకి లేచింది. ఒక బెల్టు తెగింది. రెండో బ్రేకరుకి స్తంభం పెట్టే చోటి పక్కన జానెడు పొడవు పగులు వచ్చింది.

ఇంటికి తెచ్చాం. అక్క గుమ్మంలోంచి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. వానలకి ఇంకా అయిదు వారాలున్నాయి.

రెండు రోజులు బావ షెడ్డులోంచి రాలేదు. మూడో రోజు నేను వెళ్ళేసరికి కిటికీ తీసి ఉంది. ఆయన చేతిలో పెద్ద కాటాలో వేసే లావుపాటి స్ప్రింగు.

"బామ్మర్దీ, బస్తాలు తూచే కాటా మీద ఉంగరం పెడితే ముల్లు కదుల్తుందా?"

"ఎందుక్కదుల్తుంది?"

"మన బండికి తెలీదు, దాని మీద పడవ ఉందని. కుండీలు మోసిన స్ప్రింగులవి. గుంత వస్తే వంగవు, బండంతా ఎగురుతుంది. ముప్పై అయిదేళ్ళుగా కొట్లవాళ్ళని తిడుతూనే ఉన్నాను, సరుక్కి తగ్గ కాటా పెట్టుకోవయ్యా అని. నాదాకా వచ్చేసరికి గంతులేసి చూసి కొన్నాను."

ఆ మాట అంటూ స్ప్రింగు వైపే చూస్తున్నాడు. నాకు జాలేసింది, బయటికి మాత్రం, "మిల్లీగ్రాముకి తెలివి టన్నుల్లో వచ్చింది," అన్నాను.

ఆ రోజు నుంచి పని మొదలైంది. బండికి ఒక్కోపక్క అయిదేసి స్ప్రింగు పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మూడేసి తీసేశాం. రెండేసి మిగిలాయి. బావ తన తూనిక రాళ్ళని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు బండి మీద వరసగా పేర్చాడు, సరిగ్గా నలభై అయిదు కిలోలు. బండి రెండు వేళ్ళు కిందికి దిగి, మెల్లగా ఊగి, నిలబడింది. టైర్లలో గాలి తగ్గించాం. నేను అతికించిన పట్టీలు నేనే కోసి పారేశాను. పడవకి వచ్చిన పగులుని బావ ఫైబరు గుడ్డ, జిగురుతో పూడ్చాడు. పడవ పొడవుకి సరిపడా బండి ముందు గొట్టాన్ని నాలుగడుగులు పెంచాను. కారుకి తగిలించే కొక్కెం దగ్గర బరువెంత ఉండాలన్న దాని మీద ఒక పూటంతా గడిచింది. ఆయన స్ప్రింగు కాటా తగిలించి, పడవని అంగుళం వెనక్కి, అరంగుళం ముందుకి జరిపించి, పదకొండు కిలోల దగ్గర చాలన్నాడు. నేనైతే ఎత్తి చూసి పర్వాలేదనేవాణ్ణి.

వెనక అంచుకి రబ్బరు రోలరు పెట్టాం. పార్శిల్ ఆఫీసువాళ్ళు పారేసిన కాటా బల్లది. ముందు వైపు, నడుమెత్తులో, చేత్తో తిప్పే వించ్ బిగించాను. కుడిచేత్తో పిడి తిప్పితే పట్టీ చుట్టుకుంటూ పడవని పైకి లాగుతుంది. వదిలేసినా వెనక్కి జారదు. పడవ ఆనే చోట మెత్తగా ఏం వేద్దామా అనుకుంటుండగా, మర్నాడు షెడ్డు గుమ్మంలో మందపాటి తివాచీ ముక్కలు చుట్టి ఉన్నాయి.

"ఇల్లు సర్దుతుంటే అడ్డమొచ్చాయి, పారేద్దామని అక్కడ పెట్టా," అంది అక్క. చుట్టలు రెండూ ఒకే కొలతకి కత్తిరించి ఉన్నాయి. బావ వాటిని కొలిచి, నా వైపు చూసి, జిగురు డబ్బా తీశాడు.

పరీక్ష రోజు పొద్దున నీళ్ళ మీద పొగమంచు. అవతలి ఒడ్డు లేదు. అక్క మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని వాలుకి పైన కూర్చుంది. నేను పక్కన గట్టు మీద. బావ బండిని వెనక్కి నడిపి, వాలు మీదికి మూడోసారికి సరిగ్గా తెచ్చాడు. పట్టీ వదిలాడు. పడవ రోలరు మీదుగా చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. నలభై అయిదు కిలోలు, అంతలోనే ఏమీ కాకుండా పోయాయి.

స్తంభం నిలబెట్టి కూర్చున్నాడు. కాసేపు తెడ్డు వేశాడు. తర్వాత తెరచాప మెల్లగా ఉబ్బింది, ఎవరో నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు. పడవ కదలడం కనిపించలేదు. ఒకసారి చూస్తే దగ్గరుంది, ఇంకోసారి చూస్తే దూరముంది. మంచులో ఆకాశమూ నీళ్ళూ ఒకే రంగు. వాటి మధ్య తెల్లటి ముక్క ఒకటి, దేనికీ ఆనకుండా. నాకు నా షాపూ, రంపం రొదా గుర్తొచ్చి, ఉన్నట్టుండి అసూయ పుట్టింది. ఇన్నాళ్ళూ పిచ్చి అన్నది దీన్నా అనిపించింది.

అక్క కళ్ళు తిప్పకుండా మాట్లాడింది.

"ఆ రోజు గంటసేపు నీళ్ళలో పడున్నారు కదరా. ఆ గంటా నేను వంటింట్లో రేడియో వింటూ కూర్చున్నా. పాటలు బాగున్నాయి కూడా. నాకేం తెలీలేదు. కాలు జారినందుక్కాదు, ఆ గంట తల్చుకుంటేనే నాకు భయం."

నేను ఫ్లాస్కు మూత తీశాను.

మంచు విడిపోయి, గాలి పెరిగాక బావ తిరిగొచ్చాడు. చిన్న చిన్న అలలు పడవ మీదికి కొడుతున్నాయి. నడుం దాకా తడిసి, నవ్వుతూ దిగాడు. పట్టీ తగిలించి పిడి తిప్పడం మొదలుపెట్టాడు. పడవ ముక్కు రోలరెక్కింది. సగం దాకా వచ్చింది. ఆగిపోయింది. పిడి కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. పట్టీ బిగుసుకుని కీచుమంది. మూడోసారి ఎడమ చెయ్యి కూడా వెయ్యబోయి, ముఖం చిట్లించి దించేశాడు. పడవ మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. నవ్వు లేదు.

నేను లేచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"కూర్చో."

తనే లేచింది. చెప్పులు విప్పి, నాచు లేని చోట చూసుకుంటూ నీళ్ళ అంచు దాకా దిగింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, బళ్ళో తనిఖీకి వచ్చినవాళ్ళలా.

"ఏమండీ, వెనక బిరడా తీశారా?"

బావ తలెత్తాడు.

"వెళ్ళొచ్చిన ప్రతిసారీ అది మన వాకిట్లో రెండు బకెట్ల నీళ్ళు కారుస్తుంది. తుడిచేది నేనే కదా," అంది.

లోకంలోని బరువులన్నీ తూచిన మనిషి, పడవలోకి వచ్చిన నీళ్ళని తూచడం మర్చిపోయాడు. రెండు బకెట్లంటే ముప్పై కిలోలు. ఆయన వెనక్కి వెళ్ళి బిరడా తీశాడు. బొటనవేలంత ధార పడింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి దాన్ని చూశారు. తొందర లేదు ఇద్దరికీ. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగింది. అప్పుడు బావ ముందుకొచ్చి పిడి తిప్పాడు. పడవ రోలరు మీదుగా వచ్చి తివాచీ మీద పడుకుంది.

"సాక్షీ, చెప్పవయ్యా," అన్నాడు నాకేసి.

అక్క వెనక కట్టుకున్న చేతులు విప్పి, ముందుకు చాపి చూపించింది. పొడిగా ఉన్నాయి. "నేను చెయ్యి వెయ్యలేదు."

"మాట సాయం లెక్కలోకి రాదు. నెగ్గాడు," అన్నాను.

"మరి ఈత మాస్టారికి..." అన్నాడు బావ.

"ఆయనకి నేనసలు మాటే ఇవ్వలేదు," అంది. "ఒకటి మాత్రం చెప్పండి. వెళ్ళినప్పుడల్లా ఎన్నింటికి ఒడ్డుకొస్తారు?"

ఆయన నీళ్ళకేసి చూసి, గాలికేసి చూసి, మనసులో ఏదో తూచుకున్నాడు. "పది నలభై."

"పది నలభై అంటే పది నలభై."

ఇప్పుడు సెలవు రోజు పొద్దున వాళ్ళింటికి వెళితే నేనే చూస్తుంటాను. పది ముప్పై అయిదుకి అక్క వంటింట్లో రేడియో కట్టేస్తుంది. కుర్చీలో కూర్చుంటుంది. నేను మాట్లాడినా ఊఁ కొట్టదు. పది నలభైకి, ఒడ్డు నుంచి బావ ఫోన్ ఒక్కసారి మోగి ఆగుతుంది. అక్క లేచి మళ్ళీ రేడియో పెడుతుంది. ఆ తర్వాత అరగంటకి ఇంటి ముందు ట్రెయిలర్ చప్పుడు మెత్తగా వినిపిస్తుంది. వాకిలి ఇప్పుడు పొడిగానే ఉంటోంది.