ప్రతినిధి గారు ఉన్నారా?

నా కాపురమంతా ఒక్క మాటతో గడిచిపోయింది. ఎవరో తలుపు తడతారు. "ఉన్నారా?" అంటారు. నేను వంటింట్లోంచి "లేరండీ, బయటికెళ్ళారు" అంటాను. పెళ్ళయిన కొత్తలో చేతులు తుడుచుకుని, తలుపు దాకా వెళ్ళి, మర్యాదగా చెప్పేదాన్ని. పోనుపోను స్టవ్ ముందు నుంచి కదలడం మానేశాను. నిద్రలో లేపి ఏమడిగినా అదే జవాబు చెబుతానని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది.

మా ఆయన పేపరు విలేకరి. కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. నీళ్ళ పైపు పగిలినా, వంతెన మీద లారీ ఆగిపోయినా, ఎవరింట్లోనో దొంగలు పడినా అక్కడ ముందుగా కనిపించేది ఆయనే. కానీ ఆయన పేరు మాత్రం పేపర్లో ఏనాడూ పడలేదు. చిన్న ఊళ్ళ వార్తలకు "మా ప్రతినిధి" అని వేసి ఊరుకుంటారు. బడిలో చేరిన కొత్తలో టీచరు "మీ నాన్న పేరేంటమ్మా?" అని అడిగితే మా అమ్మాయి "మా ప్రతినిధి" అని చెప్పి వచ్చింది. పోనీ నేనైనా పేరు పెట్టి పిలిచానా అంటే అదీ లేదు. పేపరుకు ఆయన మా ప్రతినిధి, నాకు మా ఆయన. ఇద్దరం "మా" అనే అన్నాం గానీ, ఆయన కాపురం చేసింది పేపరుతోనేనని నా అనుమానం.

ఆయనకో పట్టుదల ఉంది. చావు వార్తను మాత్రం చచ్చినా ఫోన్లో విని రాయరు. గుమ్మం దాకా వెళ్ళాల్సిందే. వెళ్ళి "పోయారటగా" అని అడగకూడదట, ఆ మనిషి లోపల కూర్చుని టీ తాగుతూ ఉండొచ్చు గదా. తలుపు తట్టి "పెద్దాయన ఉన్నారా?" అనాలి. ఉంటే "ఉన్నారు, కూర్చోండి" అంటారు. లేకపోతే తలుపు తీసినవాళ్ళ మొహం చూస్తే చాలు, ఇంకేమీ అడగక్కర్లేదు. "ఉన్నారా అన్న మాటకి రెండర్థాలుండటం మన అదృష్టమే" అనేవారు నాతో.

ఒకసారి బజారు చివరి టైలరు గారు పోయారని ఎవరో ఫోన్ చేశారు. ఈయన వెళ్ళి తలుపు తట్టి "టైలరు గారు ఉన్నారా?" అన్నారు. తలుపు తీసింది టైలరు గారే.

"ఉన్నాను బాబూ. ఏం కుట్టాలి?"

ఈయనకి ఏం చెప్పాలో పాలుపోక "చొక్కా" అన్నారట. అలా అక్కర్లేని నీలం చొక్కా ఒకటి మా ఇంటికి వచ్చింది. తీరా చూస్తే పోయింది వెనక వీధిలో ఇంకో టైలరు. కొన్నాళ్ళకి ఈయన ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేశారు. టైలరు గారు నవ్వీ నవ్వీ, పెదాల మధ్య పెట్టుకున్న సూది ఎక్కడ మింగేస్తారోనని ఈయనకి చెమటలు పట్టాయట.

తర్వాత రోజులు మారాయి. పేపరు పేజీలు తగ్గాయి. విలేకరులంతా ఫోన్లో మొహం చూపించి వార్త చెప్పాలని ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. మా అమ్మాయి ఆయనకి "మా ప్రతినిధి" అనే పేరుతోనే నెట్‌లో ఒక పేజీ తెరిచింది. మొదటి లైవ్‌కి ఆ నీలం చొక్కా తొడుక్కున్నారు. మైకు పట్టుకుని, గుటకలు మింగి, "నమస్కారం. నేను... మా ప్రతినిధిని" అన్నారు.

ఇంకేముంది, ఊరంతా ఆ ముక్క పట్టుకుంది. నడిచి వెళ్తుంటే "ఏమండీ మా ప్రతినిధిగారూ!" అని పిలవడం మొదలుపెట్టారు. కూరగాయలబ్బాయి కూడా నన్ను "మా ప్రతినిధి మేడమ్" అనేవాడు. ఈయన మొదట సిగ్గుతో చచ్చిపోయారు. ఆ తర్వాత తల దువ్వుకోవడం ఎక్కువైంది. వార్త పెట్టాక ఎంతమంది చూశారో చూసుకునేవారు, నేను అటు తిరగ్గానే మళ్ళీ చూసుకునేవారు. నేను చూడనట్టే ఉండేదాన్ని. ఇన్నేళ్ళూ వార్తల వెనక దాక్కున్న ఆ మొహాన్ని జనం గుర్తుపడుతుంటే నాకూ ముచ్చటగానే ఉండేది.

ఆ ముచ్చట ఎంతో కాలం నిలవలేదు. ఈయన గుమ్మం దాకా వెళ్ళి అడిగి వచ్చేలోపు, మంచం మీంచి లేవకుండానే వార్త పెట్టేసేవాళ్ళు తయారయ్యారు. "మీ వార్త నిజమేనండీ, కాకపోతే చల్లారిపోయి వస్తోంది" అన్నారు ఆఫీసువాళ్ళు. "అన్నమా ఏంటి, వేడివేడిగా వడ్డించడానికి?" అని ఈయన. చివరికి ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి ఇక పని వద్దన్నారు. చిన్న ఊళ్ళ వార్తలు జనమే యాప్‌లో పెట్టుకుంటారట. ఈయన "సరేనండీ" అని ఫోన్ ఆపేసి మూలన పడేశారు. నేనైతే కడిగిపారేసేదాన్ని. సాయంత్రానికి పేపరువాళ్ళు నెట్‌లో తమ పేజీలో ఈయన ఫోటో వేసి, కింద ప్రకటన పెట్టారు: "ఈ పట్టణంలో మా ప్రతినిధి ఇక లేరు. వార్తలు పంపాలనుకునేవారు మా యాప్‌ను వాడండి."

రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ఒకరి ఫోటో వేసి "ఇక లేరు" అంటే ఏమర్థమో వాళ్ళింట్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

చీకటి పడేలోపు దండాలు మొదలయ్యాయి. చేతులు జోడించిన బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, ఎంత జరిపినా అయిపోవు. యాప్ గురించిన రెండో వాక్యం ఎవరూ చదవలేదు. ఎవరో ఆ ఫోటో చుట్టూ నల్ల అంచు కట్టారు. ఒక పేజీలో గుండెపోటన్నారు, ఇంకో పేజీలో ఆస్పత్రికి తరలిస్తుండగా మార్గమధ్యంలో దారిలోనే అన్నారు. ఈయనకి ఫోన్ చేసినవాళ్ళకి స్విచ్ఛాఫ్ అని వచ్చిందేమో, అదే రుజువైపోయింది. చుట్టాలు కొందరు నాకు చేసి, నా గొంతు వినగానే ఏడుపు లంకించుకున్నారు. నేను తిట్లు మొదలుపెట్టాకే నమ్మారు. మా అమ్మాయి ఆ ఫోటో కింద "మా నాన్న బాగున్నారు, ఇంట్లోనే ఉన్నారు" అని రాసింది. దానికి జవాబులు వచ్చాయి. "ధైర్యంగా ఉండు తల్లీ" అని ఒకరు. "అవునమ్మా, ఆయన ఎప్పుడూ మనతోనే ఉంటారు" అని ఇంకొకరు.

అది చూసి ఆయన నవ్వుతారనుకుని మా అమ్మాయి ఫోను చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"'మార్గమధ్యంలో' అన్నాక మళ్ళీ 'దారిలోనే' ఎందుకు? ఎవరు దిద్దారే దీన్ని?"

"నాన్నా, ఒక్కసారి లైవ్‌లోకి రా. ఏం మాట్లాడకు, కనిపిస్తే చాలు."

"బతికే ఉన్నానని నాకు నేనే చెప్పుకోవాలా?"

"మరెవరు చెప్తారు?"

ఆయన ఆ దండాలన్నీ కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ పోయి, ఆఖరికి నా వైపు తిరిగారు.

"ఇంతమందికి నేను తెలుసు. మనిల్లూ తెలుసు. ఒక్కళ్ళైనా గుమ్మం దాకా వచ్చి అడిగారా?"

ఆ తర్వాత ఆయన గడప దాటలేదు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, తినేవారు, మళ్ళీ గదిలోకి వెళ్ళి పడుకునేవారు. "వాళ్ళు రాసింది తప్పేం కాదులే. ప్రతినిధి లేడు. మిగిలినవాడు ఎవరో నాకూ తెలీదు" అన్నారొకసారి, గోడకేసి చూస్తూ. నాకు ఒళ్ళు మండింది. అంతకు మించి భయం వేసింది. ఇంటిపట్టున ఉండరేమని ఈ మనిషిని ఎన్నిసార్లు సాధించానో లెక్కలేదు. ఉంటే ఇలా ఉంటారని తెలిస్తే ఒక్కసారి కూడా నోరెత్తేదాన్ని కాదు. ఆయన లేచి, చెప్పులేసుకుని, బయటికి వెళ్తే చాలు, నాకింకేమీ వద్దు అనుకున్నాను.

ఒక రోజు పొద్దున వాన పడుతోంది. నేను గిన్నెలు తోముతున్నాను. తలుపు చప్పుడైంది.

"ప్రతినిధి గారు ఉన్నారా?"

పాడు నోరు, అలవాటు పడిపోయింది కదా. "లేర..." అనేసింది.

సగంలో ఆపుకున్నాను గానీ, ఆ సగం చాలు. సబ్బు చేతులతో పరిగెత్తాను. గుమ్మంలో టైలరు గారు, కారుతున్న గొడుగుతో, మెడలో టేపుతో. ఆ ముసలి మొహం పాలిపోయి ఉంది. నా కళ్ళల్లోకి చూస్తున్నారు. మా ఆయన ఎన్ని గుమ్మాల్లో ఇలా నిలబడి ఎంతమంది మొహాల్లోకి చూశారో నాకు అప్పుడు తెలిసింది.

"ఉన్నారు!" అని అరిచాను. "ఉన్నారండీ, ఉన్నారు. రండి, కూర్చోండి."

చెబుతుంటేనే ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకి నేను ఆ జవాబు చెప్పడం అదే మొదలు.

టైలరు గారు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నారు. "ఎంత పని చేశావు తల్లీ, ప్రాణం పోయినంత పనైంది. మా మనవరాలు నిన్న ఫోన్లో చూపించి దండం పెట్టమంది. ముందు వెళ్ళి అడిగొస్తాను, ఆ తర్వాత పెడతానన్నాను. నా విషయంలో ఆయన అలాగే చేశారు గదా." అని, గది వైపు తిరిగి గొంతు పెంచారు. "ఆ నీలం చొక్కా కుట్టి చాలా కాలమైంది. కొలతలు మారి ఉంటాయని వచ్చాను!"

గది తలుపు తెరుచుకుంది. మాసిన గడ్డంతో, బొత్తాలు తప్పుగా పెట్టుకున్న చొక్కాతో మా ఆయన వచ్చి నిలబడ్డారు.

"ఉన్నానండీ" అన్నారు.

"కనబడుతూనే ఉందిలే. చేతులు చాపు బాబూ."

నిజంగానే కొలతలు తీశారు. భుజాలు, చేతులు, మెడ. నడుం దగ్గర "తగ్గావు" అని నా వైపు కోపంగా చూశారు, నేనేదో పస్తు పెట్టినట్టు. టేపు ఛాతీ చుట్టూ తిప్పి "ఊపిరి పీల్చు. ఊ, వదులు" అన్నారు. మా ఆయన పీల్చి, మెల్లగా వదిలారు. వదిలేటప్పుడు భుజాలు వణికాయి. టైలరు గారు టేపు తీయకుండా ఆ రెండు కొసలూ అలాగే పట్టుకుని నిలబడ్డారు. కొలత ఎంతొచ్చిందని ఎవరూ అడగలేదు.

మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. "నాన్నా, ఇప్పుడైనా పెట్టనా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "పైన 'సవరణ' అని పెట్టు. మా ప్రతినిధి మరణించినట్టు వచ్చిన వార్త నిజం కాదు. బజారు చివరి టైలరు గారు ఈ ఉదయం ఇంటికి వెళ్ళి, స్వయంగా చూసి నిర్ధారించారు."

"కొలిచి నిర్ధారించారని రాయి" అన్నారు టైలరు గారు.

"కింద ఏం వెయ్యను? మా ప్రతినిధి అనేనా?"

ఆయన కొంచెం ఆలోచించారు. "వద్దు. నా పేరు వెయ్యి."

మా అమ్మాయి వేసింది. ఇంటిపేరుతో సహా. నేను నోరు తెరిచి ఎప్పుడూ అనని ఆ పేరును, ఎవరూ చూడకుండా లోపల్లోపల చదువుకున్నాను.

దాన్ని ఎంతమంది చూశారో మేం చూసుకోలేదు. వాన తగ్గింది. గుడ్డ ఎంచుకోవడానికి కొట్టుకి రమ్మన్నారు టైలరు గారు. గుమ్మం దిగుతూ "జాగ్రత్త బాబూ, రోడ్డంతా నీళ్ళే. మళ్ళీ ఆ పైపు పగిలింది" అన్నారు.

మా ఆయన ఒక చెప్పు వేసుకుని, రెండోది వెతుక్కుంటున్నారు. "ఎక్కడ?" అన్నారు.

ఆ "ఎక్కడ?" వినగానే నేను కొంగుతో కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడైంది. "ఉన్నారా?" అని ఎవరిదో గొంతు. నేను స్టవ్ కట్టేసి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, తలుపు దాకా వెళ్ళి, మర్యాదగా చెప్పాను.

"లేరండీ. బయటికెళ్ళారు."