శని కంటే నెమ్మదైన గ్రహం

కొత్త గ్రహం ఒకటి దొరికిందని కోవిల్‌పట్టి బడిలో మా సైన్సు మాస్టారు చెప్పింది నా చిన్నప్పుడే. ఇంట్లో ఆ సంగతి చెవిపెట్టి విన్నది మా తాతయ్య ఒక్కరే. అది నెప్ట్యూన్‌కు ఆవల ఉంది. అక్కడి చలికి గాలి సైతం గడ్డకడుతుంది. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దానికి సుమారు రెండువందల యాభై ఏళ్లు పడుతుంది. ఇవన్నీ వరుసగా చెబితే, ఆయన పత్తి విత్తనాలు ఏరుతున్న చేయి ఆపి మళ్లీ చెప్పించుకున్నారు. నా చదువు గురించి అంత శ్రద్ధగా అడిగినవారు అంతకుముందు లేరు. నేను పొంగిపోయాను.

ఆ వారంలోనే పుదూరు నుంచి మా అక్కను అడగడానికి వచ్చారు. దూరపు బంధువులే. జాతకాలు కలిశాయని జోసియరు ముందే చెప్పారు. తాంబూలాలు మార్చుకుంటే మాట ఖాయం. అక్కకు ఆ అబ్బాయి ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. బండి కనబడుతోందేమో చూడమని పొద్దుటి నుంచి నన్ను వీధిలోకి తరుముతూనే ఉంది.

తాంబూలం పళ్లెం మధ్యలో పెట్టాక తాతయ్య నన్ను పిలిచారు.

"సామీ, ఆ కొత్త కిరగం సంగతి వీళ్లకు చెప్పు."

చెప్పాను.

"శని ఒక్కో రాశిలో రెండున్నర ఏండ్లుంటాడు. ఇది ఎన్నేండ్లుంటాదిరా?"

పన్నెండుతో భాగించాను. "ఇరవై ఏండ్లకు పైనే, తాతా!"

పెళ్లికొడుకు తండ్రి నవ్వారు. "ఏంది పెద్దయ్యా, జోసియరు ఈ మాట చెప్పలేదే?"

"ఆయన ఏ పళ్లికూడంలో చదివినాడు? అది ఎవరింట్లో కూచోనుండాదో తెలీకుండా బిడ్డనెట్ల ఇచ్చేది?"

పెళ్లికొడుకు తల్లి పళ్లెం మీది నుంచి చేయి తీసేసింది. "ఏడున్నర ఏండ్ల శనికే మా ఎద్దులు పోయె. ఇరవై ఏండ్లా? వద్దమ్మా!"

అది గడ్డకట్టిన ముద్ద, మనల్ని ఏమీ చేయలేదని చెప్పబోయాను. తాతయ్య నా భుజం మీద వేసిన చేతిని గట్టిగా నొక్కారు.

వాళ్లు నొచ్చుకోకుండానే వెళ్లారు. బండి మలుపు తిరిగాక తాతయ్య అవ్వతో నవ్వుతూ అన్నారు: "విరుదునగరానికి కబురిచ్చి ఆళును పంపు. కూతురికిచ్చిన మాట నిలిచె, పుదూరోళ్లతో తగవూ లేదు."

విరుదునగరంలో ఉన్న మా మేనత్త కొడుక్కి అక్కను ఇస్తానని ఆయన ఎప్పుడో మాట ఇచ్చేశారట. బంధువులతో నేరుగా కాదనలేక సాకు వెతుకుతుంటే, నేనే తీసుకొచ్చి చేతిలో పెట్టాను.

అక్క తలలోని కనకాంబరాలు తీసి గూట్లో పెట్టింది. "లెక్క బాగా చేసినావురా, తమ్ముడా," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

అబద్ధం చెప్పమంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి. తాతయ్య నన్ను నిజమే చెప్పమన్నారు. ఇప్పుడు ఇంజనీరింగు చదివి కొలతలతోనే బతుకుతున్నాను. ఎవరు ఏ కొలత అడిగినా, అది దేనికని ముందు అడుగుతాను. పై అధికారులకది పొగరుగా తోస్తుంది. వాళ్లు చెప్పేదాకా నేను నోరు విప్పను.