కిటికీలోంచి కనిపించే తుంగ

రేపల్లెలో జార్జి మాస్టారు తెల్లవారగానే ఇంటి ముందు లాన్‌లో గొంతుక్కూర్చుని తుంగ కలుపు పీకేవారు. పక్షవాతంతో మంచం పట్టిన భార్య స్నేహలతకు కిటికీలోంచి కనిపించేది ఆ లాన్ పచ్చదనమే. దాన్ని చూస్తూనే ఆమె రెండు ముద్దలు మింగేది. కానీ పైన ఆకు పీకితే మట్టిలో గడ్డ మిగిలిపోయి, తుంగ మళ్లీ మొలిచేది. ఆయన వేళ్లు పుండ్లు పడ్డాయి. ఈ వేసవిలో తుంగ సగం లాన్‌ను మింగేసరికి దిక్కుతోచక, భట్టిప్రోలులో బావమరిది శ్యామ్ ఇంట్లో మిగిలిన గడ్డిమందు అడిగి తెచ్చి లాన్ అంతా కొట్టారు.

రెండు వారాలు తిరిగేసరికి లాన్ మొత్తం ఎండిపోయింది. తుంగ మాత్రం నవనవలాడుతూ నిలబడింది. చూడవచ్చిన శ్యామ్ తల పట్టుకున్నాడు. "అది మినుము చేలో గడ్డిని చంపే మందు బావా, తుంగని ఏం చెయ్యదు. మీరు పెంచిందేంటి మరి, మినుమా? లాన్ కూడా గడ్డే కదా!" మాస్టారు లోపలికొచ్చి కిటికీ మూయబోయారు. "తెరిచే ఉంచండి," అంది స్నేహలత. "ఆ మిగిలింది తుంగేనని నాకు తెలుసండి. దాన్నయినా పీకకండి."

ఇప్పుడు మాస్టారు రోజూ పొద్దున్నే తుంగకు నీళ్లు పెడుతున్నారు.