పుట్టికి మోటారు బిగించిన రోజు

మా చెరువులో మునిగి చావాల్సినదాన్ని, తిరిగి తిరిగి బతికాను. ఎట్లా తిరిగానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఫ్యాను తిరుగుతుంటే మంచం పట్టె పట్టుకోవాలనిపిస్తుంది.

మా ఆయన పోయాక చేపల పని నా మీద పడింది. నాకు చదువు రాదు, తెలియదన్న మాట కూడా నోటికి రాదు. ఉన్నది ఒక పుట్టి, ఒక వల, తోడుగా మా యారాలు, అంటే తోడికోడలు, పోశమ్మ. పుట్టి అంటే ఎరగనివాళ్ళకు చెబుతున్నాను, వెదురుతో అల్లి, అడుగున పట్టా కుట్టి తారు పూసిన పెద్ద గంప అది. గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రం అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయింది అదే.

ఆ వానాకాలం నా కుడి భుజం పట్టేసింది. తెడ్డు ముట్టొద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోశమ్మకు తెడ్డు వేయడం రాదు. నేను ముట్టకపోతే వల తీయలేను, వల తీయకపోతే పొయ్యి వెలగదు. ఇక మిగిలింది మోటారే. పోశమ్మను వెంటబెట్టుకొని కల్వకుర్తిలో మోటార్ల దుకాణానికి పోయాను.

దుకాణాయన మూడు రకాలు తెచ్చి, ఒక్కొక్కటీ నీళ్ళ డ్రమ్ములో పెట్టి చూపించాడు. మొదటిది తిరుగుతోందో లేదో కూడా తెలియలేదు.

"గిది తీస్కో పెద్దమ్మా. మెల్లగ పోతది, బ్యాటరీ శానసేపు వస్తది, ఏండ్లకేండ్లు నడుస్తది."

"సప్పుడే లేదు గద బిడ్డా."

"సప్పుడు లేకపోవుడే దీని గొప్ప."

బోర్ల మీద బతికే మా దిక్కు మోటారు సప్పుడు ఆగిందంటే కాలిపోయినట్టే లెక్క. మోటారును మేం చెవులతో కొంటాం, నీళ్ళు ఎంత దూరం కొడుతుందో చూసి నమ్ముతాం. మూడోది వేయగానే అడవిపందిలా గుర్రుమంది. డ్రమ్ములో నీళ్ళు లేచి దుకాణాయన చొక్కా అంతా తడిపాయి.

"గిదే కావాలె," అన్నాను.

"అది పెద్ద పడవకు, పెద్దమ్మా. ఇంతకు నీ పడవ ఎట్లుంటది?"

"పడవ తీరుగనే ఉంటది."

"పొడుగెంత?"

"నువ్వు మోటారు అమ్ముతున్నవా, పిల్లను చూస్తున్నవా?"

పాపం, ఆయన మూట కట్టాడు.

మర్నాడు పొద్దున పోయి చూస్తే చెరువు నిండి అలుగు దూకుతోంది. అలుగంటే నిండగా మిగిలిన నీళ్ళు కట్ట చివర రాళ్ళ మీద పడి పోయే చోటు. ఆ హోరు వింటూనే పోశమ్మ నా వెనక్కి నక్కింది. అయినా పుట్టి అంచుకు మోటారు బిగించాం. పోశమ్మ తెడ్డు తేబోయింది.

"తెడ్డెందుకే, మోటారుండంగ? ఒడ్డు మీదనే పారెయ్."

"నాకు భయమైతాందక్కా."

"భయమైతే కండ్లు మూసుకో."

ఒడ్డును కాలితో తన్ని లోతుకు వచ్చాక మీట తిప్పాను. మోటారు గుర్రుమంది. పుట్టి ముందుకు పోలేదు, ఉన్నచోటే గిర్రున తిరిగింది. కట్ట, తుమ్మచెట్టు, అలుగు, మళ్ళీ కట్ట. పిడి ఇటు తిప్పితే అటు తిరుగుతుంది, అటు తిప్పితే ఇటు.

"ఆపక్కా."

ఆపాను. ఆపగానే పుట్టి అలుగు దిక్కు జారడం మొదలుపెట్టింది.

"పెట్టక్కా, పెట్టు."

పెడితే తిరుగుడు, ఆపితే అలుగు. తెడ్డేమో ఒడ్డు మీద హాయిగా ఎండ కాగుతోంది. గోడ మీద మా ఆయన ఫోటో పక్కన ఇంకో ఫోటోకు జాగా ఉందా అని మనసులోనే కొలిచి చూసుకున్నాను. పోశమ్మ నా కొంగు పట్టుకొని మొక్కడం మొదలుపెట్టింది.

"మమ్ముల ఒడ్డుకెయ్యి ఎల్లమ్మ తల్లీ, మేకపోతును కోస్త."

"నీకు మేకపోతు ఎక్కడిదే?"

"నీదే అక్కా."

తిరుగుతూ తిరుగుతూనే అలుగు రాళ్ళు కనబడేంత దగ్గరికి వచ్చాం. అప్పుడు మోటారు గర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఆగింది. పుట్టిని ఎవరో వెనక్కి గుంజినట్టయింది. వంగి చూస్తే అది నా భుజం పట్టేయకముందు మేం కట్టి వదిలేసిన వల. మోటారు రెక్కలు దాన్ని జడలా చుట్టేసుకున్నాయి. వల తాడు కొస ఒడ్డున తుమ్మమొద్దుకు కట్టి ఉంది. డాక్టరమ్మ వద్దన్న భుజంతోనే ఆ తాడు గుంజుకుంటూ ఒడ్డుకు చేరాం. దిగితే నేల కూడా తిరుగుతోంది. ఇద్దరం తుమ్మమొద్దును కావలించుకొని కూర్చున్నాం.

అప్పుడే ఫోను మోగింది. దుకాణాయన.

"మోటారు మంచిగ తిరుగుతాందా పెద్దమ్మా?"

"అది ఆగింది బిడ్డా. మేమే ఇంక తిరుగుతున్నం."

"ఇంతకు నీ పడవ ఎట్లుంటదో చెప్పకపోతివి."

"గుండ్రంగ ఉంటది."

అవతలి నుంచి చాలాసేపు ఏ సప్పుడూ లేదు. ఆయన కూడా కాలిపోయాడనుకున్నాను.

మనిషి మంచివాడు. మోటారు మార్చి ఇచ్చాడు. పుట్టి పక్కన పెట్టి, పొడుగు పడవ ఒకటి కిరాయికి తీసుకొని, ఆ సప్పుడు లేని మోటారుతోనే ఇప్పుడు వల తీస్తున్నాను. నడుస్తోందో లేదోనని మధ్యమధ్య చేత్తో తడిమి చూసుకుంటాను.

ఎల్లమ్మ తల్లి సాక్షిగా మీ అందరి ముందు ఒట్టు పెడుతున్నాను. గుండ్రటిదానికి మోటారు కట్టను. తెడ్డు లేకుండా నీళ్ళలో అడుగు పెట్టను. నా దొడ్లో మేక ఉన్నంతకాలం పోశమ్మను పడవ ఎక్కించుకోను.