రజితను పిలిచిన సాయంత్రం

మొన్న పంజాగుట్ట సందులో ఎవరో గోడకు వేయడానికి బకెట్లో సున్నం నానబెడుతుంటే, ఆ వేడి వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మా బడి వెనక మైదానంలో కబడ్డీ గీతలు ఆ సున్నంతోనే గీసేవాళ్లు. ఎండకు అది మెరుస్తుంటే కళ్లు చికిలించుకుని ఆడేవాళ్లం. సాయంత్రానికి పాదాలు తెల్లబడి, పగిలిన మడమలు మండేవి.

అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలుస్తున్న రోజులవి. ఫైళ్లు చంకలో పెట్టుకుని హాస్టళ్ల నుంచి వచ్చే అన్నలూ అక్కలూ, బజ్జీల బండి నూనె వాసన, జిరాక్స్ షాపు వేడి కాగితాల వాసన, గాలికి కాళ్లకు చుట్టుకునే కరపత్రాలు, వీటన్నిటి మధ్య నుంచి నేను బడికీ, అక్కణ్ణుంచి గ్రంథాలయానికీ తిరిగేదాన్ని. మాది గుంటూరు వైపు. అమ్మ ఎస్.ఆర్. నగర్ హాస్టల్ పిల్లలకు క్యారియర్లు కట్టేది. ఇంట్లో పుస్తకాలు కొనే అలవాటు లేదు గనక గ్రంథాలయంలో బీరువాలన్నీ నావే అనుకునేదాన్ని. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు.

మా డ్రిల్ టీచర్ పేరు ఎస్తేరు. క్రిస్మస్‌కు డబ్బా నిండా గులాబీ పువ్వుల పిండివంట వండి తెచ్చి, పరుగు పూర్తిచేసిన వాళ్లకూ, మధ్యలో చతికిలబడ్డ వాళ్లకూ సమానంగా పంచేవారు.

ఆ ఏడు చలికాలంలో నేను కూతకు వెళ్లాను. 'కబడ్డీ, కబడ్డీ' అని ఊపిరి తెగకుండా అంటూ అవతలి జట్టులోకి దూసుకెళ్లడాన్ని కూత అంటాం. ఎర్రగడ్డ నుంచి వచ్చి నా తరగతిలోనే చదివే రజిత నా చీలమండ దొరకబుచ్చుకుంది. పడ్డాను. మోచేతి ఎముక చిట్లింది. కట్టు విప్పాక కూడా భయం విడవలేదు. గీత దాటగానే కూత గొంతులోనే ఆగిపోయేది. కూత ఆగితే అవుటే. బడుల పోటీలకు జట్టు ఎంపిక దగ్గరపడుతోంది. "ఈసారి తీసుకోకపోతే ఇంక ఆటలు చాలమ్మా" అని అమ్మ తేల్చి చెప్పేసింది.

నాకు తెలిసిన దారి పుస్తకమే. 'నేను భయపడను' అని మనసులో పదే పదే అనుకోవాలని ఒక దాంట్లో చదివి, కూతలో అదే అనుకోవడం మొదలుపెట్టాను. మనసు ఒకటంటుంటే నాలుక ఇంకొకటి అనలేక ఇంకా తొందరగా తడబడేది.

"ఏం గొణుగుతున్నవే లోపల?" అన్నారు టీచర్. చెప్పాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మాట మంచిదే. గానీ కూతల దానికి జాగ లేదు బిడ్డా."

అందరినీ గీత బయటికి పంపి, "ఎవరిని పట్టమంటవో నువ్వే పిలువు" అన్నారు. మొదట ఖాళీ నేల మీదే కూత పెట్టాను. తర్వాత అందరికంటే చిన్నదాన్ని పిలిచాను. ఆ తర్వాత ఇంకొకరిని. టీచర్ తనంతట తాను ఎవరినీ లోపలికి పంపలేదు. ధైర్యం చెప్పలేదు, తొందరపెట్టలేదు. రజిత మాత్రం రోజూ నీళ్ల ట్యాంకు దగ్గరే నిలబడి ఉండేది.

"నన్నెప్పుడు పిలుస్తవే? ముసల్దాన్నయినంకనా?" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ ఎముక తనవల్లే చిట్లిందన్న బాధతో తను కూడా ఆటలో ఎవరినీ గట్టిగా పట్టడం మానేసిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎంపికకు ముందు సాయంత్రం, నీళ్ల ట్యాంకు వైపు తిరిగి పిలిచాను.

"రజితా, రా."

"నిజంగ పట్టాల్నా?"

"పట్టకపోతే ఎందుకే రావడం?"

కూత పెట్టుకుంటూ వెళ్లాను. పట్టింది. అదే చీలమండ. బోర్లా పడ్డాను, నోట్లో మట్టి. పడి కూడా చెయ్యి చాచి గీత వైపు పాకుతున్నాను. కూత ఇంకా సాగుతోందని నా చెవులకే ముందు తెలిసింది. గీత అందలేదు. అవుటయ్యాను. లేచి మోచెయ్యి మడిచి చూసుకున్నాను. రజిత ఏడుస్తూ నా లంగా దులుపుతోంది.

టీచర్ ఈల నోట్లోంచి తీసి, "ఇంకోపారి పిలువు" అన్నారు, అంతే.

మర్నాడు జట్టులో మా ఇద్దరి పేర్లూ చదివారు. పోటీల్లో మేం రెండో ఆటకే ఓడిపోయాం.

ఇప్పుడా మైదానంలో హాస్టల్ భవనం లేచింది, కింద పార్కింగు. పక్క వీధిలో ఆత్మవిశ్వాసం నేర్పుతామని బోర్డు పెట్టారు. ఒకరోజు లోపలికి తొంగిచూశాను. వరుసగా కుర్చీలు, నున్నటి పలకల నేల. చెప్పేది శ్రద్ధగా రాసుకుంటున్నారు పిల్లలు. వాళ్లు పడి లేవడానికి ఈ చుట్టుపక్కల మట్టినేల ఎక్కడుందా అని చాలాసేపు వెతుక్కుంటూ నడిచాను.